వన్స్ మోర్

“నాను ఎల్లను సార్! ముందు వరసంతా మా హార్బరోలే. తేడా వత్తే ఈలలేసి దింపేత్తారు. వీడియో తీసి గ్రూపుల్లో పెట్టేత్తారు. రేపట్నించి వీధిలో ఎలా తిరగాల?”

తెర వెనక గణేష్ స్తంభం పట్టుకుని వదలడం లేదు. కాలేజీ నాటకంలో ఇంటర్నల్ మార్కుల కోసం ఒప్పుకున్న వేషం అది. సముద్రం మీదికి వెళ్లిన కొడుకు కోసం ఎదురుచూసే తండ్రి. ఒకే ఒక్క పద్యం. అది పాడేస్తే రాజు వేషగాడు ప్రవేశిస్తాడు, తను లోపలికి పారిపోవచ్చు.

“వందేళ్ల కిందటి పద్యం ఇప్పుడెవలింటారు సార్?”

“ముందు నువ్వు వినరా,” అంటూ తెలుగు లెక్చరర్ శ్రీరామ్మూర్తి అతన్ని స్టేజీ మీదికి నెట్టేశారు.

గణేష్ నేలచూపులు చూస్తూ అప్పజెప్పినట్టు పాడేశాడు. రాజు రాలేదు. పక్కతెర వైపు తొంగి చూశాడు.

“వన్స్ మోర్!” జనంలోంచి ఎవరో అరిచారు.

వెటకారమే అనుకున్నాడు. చెమటలు కక్కుతూ మళ్లీ ఎత్తుకున్నాడు. ఈసారి మాటలు తన చెవినే పడ్డాయి. పద్యంలో ఏడుపన్న మాటే లేదు. తండ్రి చల్లారిన అన్నం మీద మూత తీసి చూస్తాడు, మళ్లీ పెడతాడు. అంతే. బోటు ఆలస్యమైన రోజు అమ్మ చేసే పనీ అదే. ఆ నాటకకర్త సముద్రాన్ని చూశాడో లేదో గానీ, అమ్మను మాత్రం చూశాడు!

“వన్స్ మోర్!”

మూడోసారి, ముందు వరసలో ఉన్న అమ్మ గంగాలమ్మను చూస్తూ పాడాడు. ఒక్క ఈల లేదు. అప్పుడొచ్చాడు రాజు, రొప్పుతూ, కిరీటం సర్దుకుంటూ.

గణేష్ లోపలికి పరిగెత్తి లెక్చరర్ చేతులు పట్టుకున్నాడు. “ఏటి రాసినాడు సార్ మహానుభావుడు! మావోలు రెండుసార్లు వన్స్ మోర్ కొట్టారు!”

శ్రీరామ్మూర్తి ఇబ్బందిగా నవ్వారు. “నీకు అబద్ధం చెప్పలేనురా. రాజు వేషం కట్టే ఎల్లారావు ఎప్పుడూ ఆలస్యమే. వాడొచ్చేదాకా జనంలో కూర్చుని వన్స్ మోర్ అని అరవమని మన నాగబాబుకి నేనే పొద్దున చెప్పాను.”

గణేష్ ముఖం మాడిపోయింది. తలపాగా విప్పి పక్కన పడేశాడు. ఏడుపొక్కటే తక్కువ.

అంతలో నాగబాబు హెల్మెట్ చేత్తో పట్టుకుని వెనక మెట్లెక్కి పరిగెత్తుకొచ్చాడు.

“తిట్టకండి సార్! కంచరపాలెంలో రైలు గేటు పడిపోనాది, ఇప్పుడే వత్తన్నాను. ఎక్కడ కూకుని అరవమంటారు?”