నాలుగిళ్ళ సరుకులు

"కమెయ్ గారికి ముళ్ళు తీసిన చేపే వెయ్యమ్మాయ్. పోయినవారం గొంతులో గుచ్చుకుందని నన్ను తిట్టిపోశాడు," అంది తత్సుయె.

"ఆయన తిట్టకుండా ఎప్పుడు తిన్నాడు బామ్మా," అంటూ మియోరి, కమెయ్ పేరు రాసిన సంచిలో చేప వేసింది.

కొండ ఊళ్ళకు సరుకులు తెచ్చే ఆ దుకాణం వ్యానును మియోరి ఆరేళ్ళుగా నడుపుతోంది. ఈ మంగళవారం ఆమె వెనకాలే కొత్త మేనేజరు హిరోసె తన కారులో వచ్చాడు. కనీసం నాలుగిళ్ళవాళ్ళు కొనని ఊరికి ఇక వ్యాను పంపకూడదని ఆయన నిర్ణయం. ఎనభై మూడేళ్ళ తత్సుయెకు మరో కొట్టు కావాలంటే ఇరవై కిలోమీటర్లు కొండ దిగాలి. బస్సు లేదు.

"మిగతావాళ్ళు రారా?" అడిగాడు హిరోసె.

"ఇవాకు మోకాళ్ళు పట్టేశాయి. చియోకు చెవుడు, ఊళ్ళోకి వస్తూ మీ వ్యాను వేసే పాట వినబడదు. అందరివీ నేనే చెప్తాను. ఇవాకు మెత్తటి తోఫు, చియోకు గుడ్లు."

"కమెయ్ గారిని ఒకసారి పలకరించి వస్తాను."

గుడ్లు తీస్తున్న మియోరి చెయ్యి ఆగింది.

తత్సుయె తొణకలేదు. "వెళ్ళు నాయనా. ఈ వేళప్పుడు పడుకుంటాడు. లేపినవాళ్ళ మీదికి చేతికర్ర విసురుతాడు, కాస్త వంగి వెళ్ళు."

"పోయిన నెల నాకు వెంట్రుకవాసిలో తప్పింది సార్," అంది మియోరి.

హిరోసె మెట్లదారి వైపు చూశాడు. కమెయ్ ఇంటి ముందు చొక్కాలు ఆరుతున్నాయి. ఇవా ఇంటి చూరుకు ఒలిచిన పెర్సిమన్ పళ్ళు వేలాడుతున్నాయి. చియో వాకిలి అప్పుడే ఊడ్చినట్టుంది.

"పెద్దాయన్ని లేపడమెందుకులెండి. ఇంకో ఏడాది వ్యాను వస్తుంది," అన్నాడు.

"ఈ మూడు సంచులూ దారిలో నేనిచ్చేస్తాను సార్," అంది మియోరి.

ఆయన కారు మలుపు తిరిగాక తత్సుయె వ్యాను మెట్టు మీద కూలబడింది. మియోరి పక్కనే కూర్చుని ఆమె చెయ్యి పట్టుకుంది.

"వచ్చే వారం కమెయ్ గారికి ఏం తేను బామ్మా?"

"ఎర్రచిక్కుళ్ళ మిఠాయి. పుట్టినరోజు."

"ఆయన తీపి ముట్టడుగా?"

"నేను తింటానుగా."

ఇద్దరూ నవ్వుకున్నారు.

ఆ ఊళ్ళో తత్సుయె తప్ప మరో మనిషి లేక మూడేళ్ళయింది.