కారు వెళ్లిపోయాక

"పుట్టి నిండా మనుషులెక్కితే మునగక తేలుతుందా?"

సూర్యాపేట సంత మైదానంలో, వేదిక మీంచి నాయకుడు అడిగిన ప్రశ్న అది.

పెన్‌పహాడ్ దిక్కున మూసీ దాటుతూ వరినాట్లకు పోయే కూలీల పుట్టి మునిగి వారం కూడా కాలేదు. పోయినవాళ్లంతా ఆడవాళ్లే. వాళ్ల ఇంటివాళ్లు వేదిక ముందు నేల మీదే కూర్చుని ఉన్నారు.

పోలీసు యాక్షన్ అయి ఏడాది కావస్తోంది. నైజాం పోయింది, మన రాజ్యం వచ్చింది, మన మనిషి వచ్చి ఓదారుస్తాడని పాపం పొద్దుటి నుంచీ ఎండలో కాచుకున్నారు.

అంతటితో ఊరుకున్నా బాగుండేది. ఆయన నవ్వాడు కూడా.

"మానెడు గింజలకు ఆశపడి వరదలోకి దిగితే తప్పు ఎవరిది? సర్కారుదా?"

సత్తమ్మ లేచి నిలబడింది.

మిగతా శవాలన్నీ దొరికాయి. ఆమె బిడ్డ ఆండాళు ఒక్కతే దొరకలేదు. వెతకడానికి నలుగురు మనుషులను పంపమని అడగాలనే ఆమె ఇంత దూరం నడిచి వచ్చింది.

"ఆశకు పోలేదయ్యా. ఇంట్ల గింజ లేక పోయిండ్రు. నా బిడ్డ ఇంక నీళ్లల్లనే ఉన్నది. జర ఎతికియ్యుండ్రి."

నాయకుడు చేతి గడియారం చూసుకున్నాడు.

"నది ఇచ్చినప్పుడు ఇస్తుందిలేమ్మా, కూర్చో."

మైదానం భగ్గుమంది.

ముందు ఆడవాళ్లు లేచారు.

"నీ ఇంటోళ్లు మునిగితే గిట్లనే అంటవా?"

పిడికెడు మట్టి ఎగిరొచ్చి తెల్లచొక్కా మీద పడింది. తర్వాత ఎవరిదో చెప్పు. పోలీసులు లాఠీలు అడ్డం పెట్టి ఆయనను కారెక్కించారు. అన్న మాట తప్పని మాత్రం ఆయన నోటి వెంట రాలేదు.

కారు దుమ్ము లేపుకుంటూ పోయింది. జనం కోపం ఎక్కడికి పోతుంది? అది మైదానంలోనే మిగిలిపోయింది.

అప్పుడు కనిపించాడు ఆ మనిషి.

నడివయసు దాటినవాడు. తలకు తువ్వాల చుట్టుకుని, అందరికీ ఎడంగా నిలబడ్డాడు. ఇంతమంది అరిచినా ఆయన నోరు విప్పలేదు. ఇప్పుడేమో ఒక్కొక్కరినీ అడుగుతున్నాడు.

"ఏమయ్యా, పుట్టి మునిగినవాళ్ల తాలూకు మనుషులెవరు? వాళ్ల పేర్లేంటి?"

కమ్యూనిస్టుల సంఘంలో ఉన్నవాళ్ల కోసం పోలీసులు ఊరూరా గాలిస్తున్న రోజులవి. కొత్త మనిషి పేర్లు అడిగితే తెల్లారేసరికి ఎవరింటి తలుపో విరిగేది. పైగా ఈయన మాట ఇటువైపుది కాదు, కోదాడ దిక్కుది.

"మట్టి ఎవరు ఇసిరిండ్రో రాస్కపోనీకె వచ్చినవా?" అంటూ సత్తమ్మ ఊరి బిక్షం ఆయన రెక్క పట్టుకోబోయాడు.

ఆయన గబుక్కున వెనక్కి జరిగాడు.

"నన్ను ముట్టుకోకు బాబూ."

అసలే మండిపోతున్నారు. ఇక చెప్పాలా?

"మేం ముట్టుకుంటే మాసిపోతవా? అంత తక్కువోళ్లమా మేము?"

సత్తమ్మ జనాన్ని తోసుకుంటూ వచ్చింది.

"మా పేర్లు నీకెందుకయ్యా? మా పిల్లలు పోయింది సాలదా?"

తిండి లేని ఒళ్లు, అంటూనే తూలింది. పట్టుకోవడానికి చేతులు చాచినవాడు, అంతలోనే వెనక్కి తీసుకున్నాడు. ఆమె మోకాళ్ల మీద పడిపోయింది.

అది అందరూ చూశారు.

దెబ్బలు పడ్డాయి. నాయకుడికి పడాల్సినవన్నీ ఆ ముసలి వీపు మీద పడ్డాయి.

"ఒక్క మాట వినండయ్యా..."

వినేవాళ్లెవరు?

తువ్వాల ఊడిపోయింది. కింద, కొత్తగా గీయించిన గుండు.

బిక్షం ఎత్తిన చెయ్యి దించేశాడు. ఆ ముఖం చూస్తే అది మొక్కు గుండు కాదని ఎవరికైనా తెలుస్తుంది.

"ఓ అయ్యో! తలకొరివి పెట్టిన మనిషిరా!" సత్తమ్మ నెత్తి కొట్టుకుంది. "మైలల ఉన్నడు. గందుకే ముట్టుకోవద్దన్నడు. ఆగుండ్రిరా!"

"పోలీసులొస్తున్నరు!" అని ఎవరో కేకేశారు.

లాఠీలు మళ్లీ వచ్చాయి. జనం తలోదిక్కుకు ఉరికారు. బిక్షం సత్తమ్మను లాక్కుని అంగళ్ల సందులోకి దూరాడు. దెబ్బలు తిన్న మనిషి ఉరకలేకపోయాడు. మట్టి విసిరింది వీడేనని ఆయనను వ్యానులో పడేసుకుని పోయారు.

కాసేపటికి మైదానంలోకి ఒక బండి వచ్చింది. బండి తోలే జానయ్య దిగి, అటూ ఇటూ చూసి, అప్పుడే బిక్షంతో అంగళ్ల సందులోంచి బయటికొచ్చిన సత్తమ్మ దగ్గరికొచ్చాడు.

"అమ్మా, గుండుతో ఉన్న మనిషిని చూశారా? మా మఠంపల్లి మట్టయ్య. ఎడ్లకు నీళ్లు తాగించి వస్తానని నేను అటు పోయాను."

బిక్షం తల దించుకున్నాడు.

"పోలీసులు పట్కపోయిండ్రన్నా. అంతకు ముందు మేమే కొట్టినం."

జానయ్య పగ్గాలు అందుకుని బండిని ఠాణా దిక్కుకు తిప్పాడు.

"మైలలో గడప దాటొద్దని ఊరంతా చెప్పాం. విన్నాడు కాదు."

సత్తమ్మకు కళ్లలో నీళ్లు తిరిగాయి. తన దుఃఖంలో ఉండి, ఇంకో దుఃఖపు మనిషిని కొట్టించింది.

"ఆయనింట్ల ఎవరు పోయిండ్రు కొడుకా?"

"వాళ్లింట్లో ఎవరూ పోలేదమ్మా," అన్నాడు జానయ్య. "మూసీ నీళ్లతో కృష్ణలోకొచ్చి మా రేవులో తేలిన ఒక ఆడపిల్లకు, కన్నవాళ్లు దొరికేదాకా నేనే తండ్రినని తలకొరివి పెట్టి, ఆ పిల్ల తల్లిని వెతుక్కుంటూ వచ్చాడు."