చప్పుడు చేసే పరుపు

“దిగవే! మెత్తటిది వద్దన్నానా?” అంటూ హైమావతి కూతుర్ని పరుపు మీంచి లాగేసింది. “నడుం పట్టేసి మంచాన పడితే నేనేమైపోను?”

తొమ్మిదేళ్ళ ప్రణవి క్లాసులో కునుకుతోందని టీచరు చెప్పిన దగ్గర్నుంచీ, తప్పంతా పాత పరుపుదేనని హైమావతి తేల్చేసుకుంది. ఇంగ్లండులో, నార్తాంప్టన్‌లోని ఆ షాపులో ఇప్పటికి ఆరు పరుపులు నొక్కి చూసింది.

“మమ్, దిస్ వన్!” ప్రణవి మూలనున్న స్ప్రింగు పరుపెక్కి దొర్లింది. అది కిర్రుకిర్రుమంది.

“ఖర్మ! ఆ చప్పుడుకి నిద్రెలా పడుతుందే?”

“పరుపు వల్ల కాదమ్మా,” తెలుగులోకి మారి అంది పిల్ల. “రోజూ నువ్వొచ్చి నా ముక్కు దగ్గర వేలు పెడతావు కదా. నువ్వొచ్చేదాకా మేలుకుంటా. గట్టిగా ఊపిరి తీస్తా, నీకు తెలియాలని.”

హైమావతి వచ్చి ఆ పరుపు అంచున కూర్చుంది. ప్రణవి కన్నా ముందు పుట్టిన బాబు నాలుగో నెలలో, నిద్రలోనే పోయాడు. ఆ సంగతి ఈ పిల్ల దగ్గర ఎన్నడూ ఎత్తలేదు.

“బాబు గురించి డాడీ చెప్పాడు,” అంది ప్రణవి. “ఈ పరుపైతే నేను కదిలితే నీ రూములోకి వినిపిస్తుంది. దెన్ వి కెన్ బోత్ స్లీప్.”

హైమావతి పిల్లని దగ్గరికి తీసుకుంది.

“చప్పుడు చెయ్యనిదే కొందాం, తల్లీ,” అంది. “ఇక రాత్రిపూట నీ ముక్కు దగ్గర వేలు పెట్టను. నువ్వు హాయిగా పడుకో.”