ఎడమకు వాలే డిస్కు

నీలం డిస్కు మళ్ళీ ఎడమకే వాలి కాలిబాట మీద పడింది. కోచ్ నుదురు తుడుచుకుని, అదే చోట నిలబడి ఎర్రదాన్ని విసిరాడు. అది తిన్నగా వెళ్ళి, చివర్లో కొద్దిగా ఒరిగి, గొలుసుల బుట్టకు ముందు గడ్డిలో ఆగింది.

పోయిన ఆదివారం ఇక్కడ, డిస్కుల్ని గొలుసుల బుట్టలో పడేలా విసిరే డిస్క్ గోల్ఫ్ ఆడుతున్న అన్నదమ్ములిద్దరూ పందెం వేసుకుని ఒకేసారి విసిరారు. ఒక డిస్కు కాలిబాట మీద నడుస్తున్న నర్సు కణతకు తగిలింది. ఆమె మళ్ళీ లేవలేదు. జనం పరుగున వచ్చేసరికి డిస్కులు రెండూ అన్న సంచిలో చేరిపోయాయి. నీలంది తనదని, తగిలింది అదేనని అన్న చెప్పాడు. తమ్ముడు ఆ రోజు నుంచీ నోరు విప్పలేదు.

ఇన్‌స్పెక్టర్‌కు ఆ మాట మింగుడుపడలేదు. అమ్మానాన్నలు పోయాక తమ్ముణ్ణి అరచేతుల్లో పెట్టుకుని పెంచినవాడు, ఇప్పుడూ వాణ్ణి వెనకేసుకొస్తున్నాడేమో. తప్పు చేయనివాణ్ణి జైలుకు పంపడానికి మనసొప్పక, ఈ ఆట నేర్పే కోచ్‌ను పిలిపించాడు. కోచ్ ఈ అన్నదమ్ముల ఆట ఎప్పుడూ చూసి ఎరగడు.

"రెండూ దూరం విసిరే 'ఫెయిర్‌వే డ్రైవర్' రకం డిస్కులే అంటున్నారు. మరి ఇంత తేడా ఏమిటండీ?" అని ఇన్‌స్పెక్టర్ అడిగాడు.

"నీలందానికి మొండితనం ఎక్కువ సార్. వేగం తగ్గగానే పక్కకు తిరిగిపోతుంది. కుడిచేత్తో విసిరితే ఎడమకు, ఎడమచేత్తో విసిరితే కుడికి. ఎర్రది సాధువు. చేతిలోంచి వంకరగా జారితే తప్ప కాలిబాట దాకా పోదు."

"ఒట్టేసి చెప్పగలరా?"

కోచ్ మాట మీద ఒక మనిషి బతుకు ఆధారపడి ఉంది. రెండింటినీ ఇంకోసారి విసిరాడు. కుడి భుజం పీకేసింది గానీ ఫలితం మారలేదు.

"తగిలింది నీలందే సార్. పెద్దబ్బాయి అబద్ధం చెప్పలేదు."

బెంచీ మీద కూర్చున్న నర్సు భర్త ఆ మాట విని తల వంచుకుని ఏడ్చాడు. కారు పక్కన నిలబడ్డ తమ్ముడు అన్న భుజంలో ముఖం దాచుకుని వెక్కిళ్ళు పెట్టాడు. కనీసం ఈ చిన్నవాడైనా బయటపడ్డాడని కోచ్ మనసు కాస్త కుదుటపడింది.

ఇన్‌స్పెక్టర్ వాంగ్మూలం కాగితాన్ని కారు బానెట్ మీద పరిచి, కలం మూత తీసి అన్నకు అందించాడు.

అన్న ఎడమచేత్తో సంతకం చేశాడు.