గోడ మీద తొమ్మిది షీట్లు

"ఇది తోటా, శ్మశానమా?" అని అరిచాడు ఒక్తావ్ మొర్వాన్. "శ్మశానమే నయం! అక్కడ నీడకి నాలుగు చెట్లయినా ఉంటాయి!"

హాల్లో ఉన్న ముప్పై మంది విద్యార్థులు ఉలిక్కిపడ్డారు. గోడకి తొమ్మిది షీట్లు వరసగా గుచ్చి ఉన్నాయి. వాటి పక్కన ఇల్డా ఫొంతెష్ నిలబడి ఉంది. వెర్సాయ్‌లో ఆ రోజు తోటల స్కూలు ఆఖరి పరీక్ష. పారిస్ శివారుల్లో ఏదో ఒక కాలనీ ఎంచుకుని, భవనాల మధ్య నేలని తీర్చిదిద్ది చూపించాలి.

పరీక్ష చేసే పెద్ద మాష్టారు మొర్వాన్ దగ్గర రెండు చట్టాలున్నాయి. షీటు మీద ఒక్క అక్షరం రాయకూడదు, బొమ్మే మాట్లాడాలి. ఆయన ముగించేదాకా విద్యార్థి నోరు విప్పకూడదు. మొదటిదానికి ఏదో అర్థం ఉంది. రెండోది ఒట్టి పెత్తనం. అయినా, కోటుకి ప్రభుత్వం బిరుదుగా ఇచ్చిన ఎర్ర రిబ్బన్ ఉన్న మనిషిని అడిగే మొనగాడెవరు?

"రొట్టెల కొట్టు ఎక్కడుంది? నాలుగు వరసల రోడ్డుకి అవతల!" మొర్వాన్ రెండో షీటు మీద గట్టిగా తట్టాడు. "ఈ ముసలావిడ పొద్దున్నే ఓ రొట్టె కోసం ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వెళ్లాలన్నమాట!"

ఇల్డా ఏదో అనబోయింది.

"నోరు ముయ్యి! నేనింకా ముగించలేదు."

పక్కన కూర్చుని ఆయన మాటలు రాసుకుంటున్న మదాం క్లెర్వాల్ మొక్కల పాఠాలు చెబుతుంది. ఆవిడకి జాలి ఎక్కువ. "మొర్వాన్ గారూ, ఆ పిల్ల ఏదో చెప్పాలనుకుంటోంది. ఒక్క నిమిషం వింటే పోయేదేముంది?"

"మీరు మీ గులాబీల సంగతి చూసుకోండి మదాం. ముప్పై పార్కులు, రెండు కొత్త పట్టణాలు వేసిన చేతులివి. ఊళ్ల సంగతి నాకొదిలెయ్యండి."

ఆవిడ మొహం మాడిపోయింది.

మొర్వాన్ నాలుగో షీటుకి జరిగాడు. "పన్నెండంతస్తుల భవనాలు రెండు, ఎదురెదురుగా. అవి ఎవడో కట్టాడు, సరే. మధ్యలో నేల మాటేమిటి? ఓ పొద లేదు, ఓ గోడ లేదు. జనవరి గాలి ఈడ్చి కొడుతుంటే మనుషులు ఎలా నడుస్తారమ్మాయ్? ఇదిగో, చంటిపిల్లాడి బండి తోసుకుంటూ తల్లి సగానికి సగం వంగిపోయింది. నువ్వే గీశావుగా! గీసేటప్పుడు చెయ్యి వణకలేదూ?"

"వణికింది మాష్టారూ," అంది ఇల్డా.

"మాట్లాడొద్దన్నానా!"

వెనక ఎవరో కిసుక్కున నవ్వి, వెంటనే దగ్గు నటించారు. ఇల్డా చెవులు కెంపుల్లా ఎర్రబడ్డాయి. ఆ ఎరుపు సిగ్గుదని అందరూ అనుకున్నారు. బిగిసిన పిడికిళ్లు చూస్తే కోపమని తెలిసేది.

"బెంచీ ఉందిలే, ఒకటి. ఎటు తిరిగి ఉంది? ట్రాన్స్‌ఫార్మర్ గోడకేసి! ఇంక ఇది చూడండి, ఇదీ మహత్తు!" ఆయన ఏడో షీటుని పట్టుకుని దాదాపు చింపినంత పని చేశాడు. "సిమెంటు బాట చుట్టూ తిరిగి పోతోంది. జనం మాత్రం గడ్డిలో అడ్డం పడి, బురదలో కాళ్లీడ్చుకుంటూ నడుస్తున్నారు. నువ్వు గీసిన మనుషులే నువ్వేసిన బాట మీద నడవడం లేదే! ఇంతకంటే సిగ్గుచేటుందా?"

ఆ హాల్లో ఇంతవరకూ ఎవరూ ఇన్ని తిట్లు తినలేదు.

"ఇది వేసిన మనిషి బల్ల ముందు కూర్చుని, పైనుంచి బొమ్మ అందంగా ఉందని మురిసిపోయిన రకం. చేతుల్లో రెండు సంచులిచ్చి, వానలో ఒక్కరోజు, ఒక్కటంటే ఒక్కరోజు అక్కడ నడిపిస్తే పొగరు దిగుతుంది!"

మార్కుల కాయితం ముందుకి లాక్కున్నాడు. ఇరవైకి సున్నా వేశాడు.

మదాం క్లెర్వాల్ ఉండబట్టలేకపోయింది. "ఈ అమ్మాయి ఇప్పటికే రెండుసార్లు తప్పింది. ఇప్పుడు సున్నా అంటే స్కూల్లోంచి పంపించేస్తారండీ. ఆరేళ్ల చదువు!"

"పంపించెయ్యాలి! రేపు ఎవడైనా తెలివితక్కువ మేయరు దీన్ని నిజంగా కట్టిస్తే? వేలమంది జీవితాంతం అందులో పడి ఏడవాలి. ఇలాంటివాళ్ల చేతికి పెన్సిలివ్వడమే నేరం. నా మాటలన్నీ రాశారా? ఒక్కటి వదలకుండా రాయండి."

ఆవిడ రాసింది. మొర్వాన్ కింద పెద్దగా సంతకం గిలికి, కుర్చీలో వెనక్కి వాలాడు. "ఊఁ, ఇప్పుడు మాట్లాడు. ఏం చెప్పుకుంటావో చెప్పుకో."

ఇల్డా ఒక అడుగు ముందుకేసింది. "మీరు వేసిన మార్కు న్యాయమైనది మాష్టారూ. అన్న మాటల్లో ఒక్కటి కూడా కాదనను."

మొర్వాన్ కనుబొమలు పైకి లేచాయి. "అంటే? నీ పనిని నువ్వు సమర్థించుకోవా?"

"నా పనైతే సమర్థించుకునేదాన్ని. నా డిజైన్ ఇంకా గోడకి పెట్టనే లేదు. ముందు ఆ నేల ఇప్పుడెలా ఉందో చూపిద్దామని, మా అమ్మ రోజూ నడిచే దారిలో నడిచి ఇవి గీశాను. ఎన్నిసార్లు చెప్పబోయినా మీరు చెప్పనివ్వలేదు."

"ఎక్కడిదా నేల? ఎవడు వేశాడు దాన్ని?"

"లె జెనే కాలనీ మాష్టారూ. పాతికేళ్ల కిందట మీరే వేసి, బంగారు పతకం పుచ్చుకున్నారు."