కిటికీలోంచి తువాలు

మిర్యాలగూడలోని వృద్ధుల సంరక్షణాలయంపై త్రిపురారం పరశురాములు జరిపిన దండయాత్ర యావత్తూ కిటికీ మార్గాననే సాగింది.

లోపల బారులు తీరిన మంచాల్లో ఒక్కటే ఖాళీ. కిటికీ ఊచల సందున ఎర్ర తువాలు దూసుకెళ్లి, సరిగ్గా దాని నడుమ వాలింది. ఆర్టీసీ బస్సు సీట్లను నలభై ఏళ్లుగా జయిస్తూ వచ్చిన చెయ్యి అది.

ఆ మంచం మీద దుప్పటి పరుస్తున్న ముసలామె ఉలిక్కిపడింది.

“గీ మంచం మాది,” ప్రకటించాడు విజేత. “జర ముడతల్లేకుంట పరువు ఆయమ్మా!”

“నీకేనా అన్నా?”

“నాకెందుకు? గొర్లెంట దినాం ఆరు మైళ్లు నడుస్త. నా పెండ్లాం మైసమ్మకు. ఒకదిక్కు కాలు చెయ్యి పడిపోయినయి.”

“సూర్యాపేటల అడగకపోయినవా?”

“నిండిందన్నరు. కోదాడల ఉన్నదట. గాడికి పోయొచ్చేసరికి పొద్దుగూకుతది, మంద నెవరు కాస్తరు? గీడైతె మంద తోలకముందే వచ్చి పోత. నా చేత్తోని పెడితెనే ముద్ద మింగుతది, మహారాణి!”

“గంత గారాబం చేస్తివి మరి!” ముసలామె నవ్వింది. “నా కోసం వచ్చెటోళ్లు ఎవ్వలు లేరన్నా. యాడున్నా ఒకటే.”

“గీడ పనికి వచ్చినదానివి, నీ కోసం ఎవరొస్తరు? ఆ కొస లాగు.”

ఆమె కొస లాగింది. తువాలును నాలుగు మడతలు పెట్టి దిండు పక్కన ఉంచింది. తరువాత ఆఫీసు గదిలోకి వెళ్లి, కాసేపటికి చంకన గుడ్డసంచితో బయటికొచ్చి ఆటో ఎక్కింది.

పరశురాములుకు రాజసహజమైన ఆగ్రహం కలిగింది. తిన్నగా మేనేజరు ఇంద్రజ ముందు నిలబడ్డాడు.

“మీ ఆయమ్మ పని సగంల ఇడిసి పోయిందమ్మా! దిండుకు గలీబు సుత తొడగలే!”

ఇంద్రజ రిజిస్టరులో ఒక పేరు కొట్టేసి, దాని పైన ‘మైసమ్మ’ అని రాసింది.

“రేపు పొద్దున్నే అవ్వను తోల్కరా తాతా. గలీబు నేను తొడుగుత.”

“మరి ఆయమ్మ?”

“ఆమె ఆయమ్మ కాదు తాతా, లింగమ్మ, మూడు నెలలు ఎదురుచూసి, ఇయ్యాల పొద్దున దొరికిన తన మంచం మీద తన దుప్పటి పరుచుకుంటుండె, ఇప్పుడు కోదాడ బస్సెక్కుతది.”