గుర్వయ్య బ్రేకు

అచ్చంపేట రోడ్డు దిగుడు మీద గుర్వయ్య కొత్త బ్యాటరీ సైకిల్ గాలి లెక్క పోతాంది. ముంగట సైదమ్మ ఎద్దు పగ్గం పట్టుకొని, రోడ్డంతా వాళ్ల తాతదే అన్నట్టు నడుస్తాంది.

బ్రేకు పడితే అయిపోయేది. కానీ పుట్టినకాన్నుంచి ఎడ్లు తోలిన నోరు ఊకుంటదా? చేతులున్న సంగతే మరిచి, ఎడ్లను ఆపినట్టు "హో... హో!" అని అరిచిండు.

సైకిల్ ఆగలే. ఎద్దు టక్కున ఆగింది. పగ్గం గుంజితే సైదమ్మ కూడా నడిరోడ్డు మీద నిలవడ్డది. సైకిల్ పోయి ఆమెను గుద్దింది. ఇద్దరు పడ్డరు.

"నీ కండ్లల్ల మన్నువడ! గంట లేదా నీ బండికి?" సైదమ్మ మోకాలు పట్టుకొని లేచింది.

"ఉందక్కా. యాదికి రాలే."

"మరి బ్రేకు?"

"గదీ ఉంది."

సైదమ్మ ఇంకో తిట్టు ఎత్తుకోబోయి, ఎద్దును చూసి ఆగింది. "నెల కింద అంగట్ల దలాల్ దగ్గర కొన్న దీన్ని. నేను గొంతు చించుకున్నా ఆగది. ఎవడో చెవిటెద్దును అంటగట్టిండని రోజూ వాన్ని తిడుతున్న. నీ మాట ఎట్ల ఇన్నది?"

ఎద్దు వచ్చి గుర్వయ్య చెక్కుకపోయిన మోచెయ్యి నాకుతాంది.

"గా తిట్లన్నీ నాకేనక్కా," అన్నడు గుర్వయ్య, దాని గంగడోలు నిమురుకుంట. "సైకిల్ కొననీకి దీన్ని దలాల్‌కు అమ్మింది నేనే."

సైదమ్మ ఎద్దు పగ్గం మళ్ల చేతికి చుట్టుకుంది.

"నా మోకాలు నయమయ్యేదాక నా చెలక నువ్వే దున్నాలె. రేపు పొద్దుగాల్నే రా. గా సైకిల్‌ను మాత్రం ఇంట్లనే గుంజకు కట్టేసి రా."